పాత కోడ్‌కి రిటైర్మెంట్ ఎప్పుడు? మన శ్రీసిటీ ఫోన్ చెప్పే లెక్క

మా ఇంట్లో టీవీ స్టాండ్ కింద సొరుగులో ఒక రెడ్‌మీ 2 ప్రైమ్ ఉంది. చార్జర్ పెడితే ఇప్పటికీ ఆన్ అవుతుంది. స్క్రీన్ మూలలో చిన్న పగులు, బ్యాటరీ గంటన్నర కూడా నిలవదు. అయినా పారేయబుద్ధి కాదు. ఎందుకంటే అది మన దగ్గర పుట్టిన ఫోన్. షావోమీ ఇండియాలో తయారుచేయించిన మొదటి ఫోన్ ఇదే. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదల చేశారు గానీ, తయారైంది మాత్రం శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ప్లాంటులో. అప్పట్లో అది చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. స్నాప్‌డ్రాగన్ 410, 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్, ఆండ్రాయిడ్ 4.4, ధర 6,999 రూపాయలు. ఆ రోజుల్లో ఆ రేటుకి అది మామూలు విషయం కాదు.

మన సైట్లో ఎప్పుడూ "ఏ ఫోన్ కొనాలి, ఎప్పుడు కొనాలి" అనే మాట్లాడుకుంటాం. ఈసారి తిరగేసి అడుగుదాం. పాతదాన్ని ఎప్పుడు వదిలేయాలి? ఫోన్ సంగతి కాదు, ఫోన్ కోసం రాసిన కోడ్ సంగతి. మీలో చాలామంది కాలేజీ ప్రాజెక్టులో, చిన్న యాప్‌లో, గిట్‌హబ్ రెపోలో కోడ్ రాస్తున్నవాళ్లే. మీ రెపోలో కూడా ఎవరూ ముట్టుకోని ఒక ఫోల్డర్ ఉండే ఉంటుంది. దాన్ని ఉంచాలా, తీసేయాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోడ్‌ని రిటైర్ చేయడానికి వయసు కొలమానం కాదు. "ఇది తప్పుచేస్తే జవాబు చెప్పేదెవరు?" అని అడిగినప్పుడు ఒక్క పేరు కూడా రాకపోతే, ఆ రోజే దాని రిటైర్మెంట్ మొదలవ్వాలి. మొదలవ్వాలి అంటున్నాను, ఆ రాత్రికే డిలీట్ కొట్టమనడం లేదు. ఈ రెండింటికీ తేడా ఏంటో నేను రెండు రోజుల్లో రెండు తప్పులు చేసి నేర్చుకున్నాను.

మేం చేసిన రెండు తప్పులు

తిరుపతిలో చదువుకునే రోజుల్లో నేను, ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి మామిడి రైతుల కోసం ఒక చిన్న యాప్ చేశాం. తోతాపురి లోడు మండీకి పోయినప్పుడు తూకం ఎంత, తరుగు ఎంత తీశారు, రేటు ఎంత, ముందు తీసుకున్న అడ్వాన్స్ ఎంత, ఇంకా రావాల్సింది ఎంత. అంతే. బంగారుపాళ్యం దగ్గర మా పెదనాయన వాళ్లకి తోట ఉంది. ఆయనే మా మొదటి యూజర్. ఆయన ఫోన్ ఇప్పుడు మా సొరుగులో ఉన్న ఈ రెడ్‌మీ 2 ప్రైమే. కొన్న రోజు నుంచి ఒక్క అప్‌డేట్ కూడా చేయలేదాయన. ఆండ్రాయిడ్ 4.4 అలాగే ఉంది.

మేం వాడిన కొత్త లైబ్రరీలు 4.4 మీద నడవవు. అందుకని మాలో ఒకడు పాత ఫోన్ల కోసం వేరే బిల్డ్ తయారుచేశాడు. లెక్క కట్టే కోడ్‌ని కూడా కాపీ కొట్టి అందులో పెట్టాడు. మొదటి సీజన్ బాగానే గడిచింది. తర్వాత వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురి దగ్గరా 4.4 ఫోన్ లేదు. రెండో సీజన్‌కి ముందు తరుగు లెక్కని మార్చాం. మెయిన్ యాప్‌లో మార్చాం, పాత బిల్డ్‌లో మార్చలేదు. మర్చిపోయాం అనడం కూడా కరెక్ట్ కాదు. అది మాది అన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

జూన్‌లో పెదనాయన మండీలో గొడవ పెట్టుకున్నాడు. ఫోన్‌లో కనిపించే మొత్తానికి, మండీ ఆయన ఇచ్చే మొత్తానికి తేడా. "నా తమ్ముడి కొడుకు చేసింది, కంప్యూటర్ లెక్క, తప్పు పోదు" అని పదిమందిలో గట్టిగా అన్నాడంట. చీటీలు ముందేసుకుని కూర్చుని కూడితే మండీ ఆయన లెక్కే కరెక్ట్. సాయంత్రం నాకు ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు: "ఏం రా, ఎంత పన్జేస్తివి." ఇరవై ఏళ్లుగా అదే మండీకి కాయ తోలుతున్న మనిషి. ఆ రోజు పోయింది డబ్బు కాదు, ఆయన మాట.

ఇది మొదటి తప్పు. ఎవరూ చూడని కోడ్ క్రాష్ అయితే అదృష్టమే, కనీసం తెలుస్తుంది. అది ప్రశాంతంగా తప్పు అంకె చూపిస్తూ కూర్చుంటేనే ప్రమాదం.

సిగ్గు, కోపం రెండూ కలిసి ఆ రాత్రే రెండో తప్పు చేశాం. పాత బిల్డ్ ఫోల్డర్‌ని మొత్తం లేపేశాం. అక్కడితో ఆగలేదు. ఆండ్రాయిడ్ 4.4లో టీఎల్ఎస్ 1.2 ఉంది గానీ, యాప్ తనంతట తాను ఆన్ చేస్తే తప్ప పనిచేయదు. 5.0 నుంచే అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. మా పాత బిల్డ్‌లో ఆ పని చేయలేదు కాబట్టి, దాని కోసం సర్వర్‌లో టీఎల్ఎస్ 1.0 అనే పాత తలుపు తెరిచే ఉంచాం. దాన్ని కూడా ఆ రాత్రే మూసేశాం. టెక్నికల్‌గా చూస్తే సరైన పనే. టీఎల్ఎస్ 1.0, 1.1 రెండింటినీ ఇక వాడొద్దని 2021 మార్చిలోనే అధికారికంగా ప్రకటించారు.

పొద్దున్నే పెదనాయన మళ్లీ ఫోన్: "నీ లెక్కల డబ్బా తెరుచుకోలా." ఆయనొక్కడే అనుకున్నాం. కాదు, ఆ చుట్టుపక్కల ఇంకో ముగ్గురు కూడా పాత ఫోన్ల మీదే వాడుతున్నారు. పెదనాయనే వాళ్లకి ఏపీకే ఫైల్ పంపించాడు, మాకు తెలియదు. సీజన్ నడుమ, సగం లోడ్ల లెక్క వాళ్ల ఫోన్లలో ఇరుక్కుపోయింది. మా సీమలో లెక్క అంటే డబ్బు కూడా. ఆ రోజు రెండర్థాల్లోనూ లెక్క ఆగిపోయింది.

చివరికి ఏం చేశాం? గిట్‌లోంచి పాత బిల్డ్‌ని వెనక్కి తెచ్చాం. తరుగు లెక్క సరిచేశాం. ఒక పాత ఫోన్ అప్పు తెచ్చుకుని దాని మీద పరీక్షించాం. లోడ్ల వివరాలన్నీ ఫైల్‌గా బయటికి తీసే బటన్ ఒకటి పెట్టాం. కాయ కోతలు అయిపోయాక, నలుగురి లెక్కలూ బయటికి వచ్చాక, అప్పుడు ఆపాం. మొదట్లోనే చేయాల్సిన పని అది.

పెద్దవాళ్లు ఎలా చేస్తారు?

మేం రాత్రికి రాత్రి చేసినదాన్నే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు నాలుగేళ్లు తీసుకుని చేశారు. వెబ్‌సైట్లకి ఉచితంగా సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ అది. వాళ్ల సొంత రూట్ సర్టిఫికెట్‌ని ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లు గుర్తుపట్టవు. అప్పటిదాకా ఇంకో సంస్థ రూట్ మీద ఆధారపడ్డారు. దాని గడువు 2021 సెప్టెంబరు 30న ముగుస్తుంది. 2020 నవంబరులో వాళ్లు లెక్కలు బయటపెట్టారు. అప్పటికి ఆండ్రాయిడ్ ఫోన్లలో 33.8 శాతం 7.1 కంటే పాతవి. అంటే మూడో వంతు ఫోన్లలో లక్షల వెబ్‌సైట్లు తెరుచుకోవు.

అంతమందిని వదిలేయలేక ఒక దారి వెతికారు. ఫోన్‌లో ముందే ఉన్న రూట్ సర్టిఫికెట్ గడువు దాటిందా లేదా అన్నది ఆండ్రాయిడ్ పట్టించుకోదు. ఆ వెసులుబాటు వాడుకుని, పాత రూట్‌తో ఇంకో సంతకం పెట్టించుకుని మూడేళ్లు పొడిగించారు. 2023 నాటికి కొత్త రూట్‌ని నమ్మే ఆండ్రాయిడ్ ఫోన్లు 93.9 శాతానికి చేరాయి. అప్పుడు తేదీ ప్రకటించారు. 2024 సెప్టెంబరు 30తో ఆ పాత సంతకం ముగిసిపోయింది. పెద్దగా గోల లేకుండానే.

గూగుల్ కూడా ఇదే పద్ధతి. 2013లో వచ్చిన కిట్‌క్యాట్‌కి ప్లే సర్వీసెస్ సపోర్ట్ ఆపుతున్నట్టు 2023 జులైలో చెప్పింది. అప్పటికి వాడుతున్న ఫోన్లు ఒక శాతం కూడా లేవు.

ఇక్కడ గమనించాల్సింది వాళ్ల ఓపిక ఒక్కటే కాదు, ఆ వరస. ముందు లెక్కపెట్టారు, తర్వాత చెప్పారు, తర్వాత ఆగారు, చివరికి తీశారు. మేం చివరిదాంతో మొదలుపెట్టాం.

"పనిచేస్తోందిగా, ఉండనీ" అంటే?

ఈ మాట వినడానికి బాగుంటుంది. ఉంచినందుకు ఖర్చేముంది, స్టోరేజా? కాదు, ఖర్చు మిగిలినవాళ్ల మీద పడుతుంది. మా సర్వర్‌లో నలుగురి కోసం తెరిచిన పాత తలుపు అందరి డేటాకీ తలుపే.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బగ్ బయటపడింది గుర్తుందా? ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీలో. ఆ దెబ్బకి ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఆ కోడ్ తెరిచి చూస్తే వీఎంఎస్, ఓఎస్/2, 16 బిట్ విండోస్ లాంటివాటి కోసం రాసిన భాగాలు కూడా అందులోనే ఉన్నాయి. హార్ట్‌బ్లీడ్ బగ్ వాటిలో లేదు, అది 2012లో విడుదలైన కొత్త కోడ్‌లోనే ఉంది. కానీ అంత చెత్త మధ్యలో కొత్త తప్పు కనిపించడం ఎంత కష్టమో ఆలోచించండి. వాళ్లు లిబ్రెఎస్ఎస్ఎల్ పేరుతో విడిపోయి, మొదటి వారంలోనే దాదాపు 90 వేల లైన్లు తీసేశారు.

లినక్స్ కెర్నెల్‌లో ఈ విషయంలో నాకు బాగా నచ్చే పద్ధతి ఒకటుంది. ఏ భాగానికి ఎవరు బాధ్యులో రాసే మెయింటైనర్స్ ఫైల్ ఉంటుంది. మనిషి లేకపోతే అక్కడ "అనాథ" అని రాసేస్తారు. దాచిపెట్టరు. ఇటానియం ప్రాసెసర్ల కోడ్‌ని 2021లో ముందు అనాథగా గుర్తించారు. ఆ తర్వాత 2024 జనవరిలో వచ్చిన 6.7 వెర్షన్‌లో తీసేశారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టింది 386 కంప్యూటర్ మీద. ఆ 386కే 2013లో వచ్చిన 3.8 వెర్షన్‌లో సపోర్ట్ తీసేశారు, అది కూడా ఆయన ఒప్పుకునే. సొంత మొదటి కంప్యూటర్‌నే వదిలినప్పుడు, మనం కాలేజీ ఫస్టియర్‌లో రాసిన మాడ్యూల్‌ని పట్టుకుని ఎందుకు వేలాడతాం?

అదే ఫోన్, రెండు కోడ్‌లు

మళ్లీ మన శ్రీసిటీ ఫోన్ దగ్గరికి వద్దాం. "సరే, పదేళ్లు దాటినవన్నీ తీసేద్దాం" అనేవాళ్లకి ఇదే జవాబు.

ఈ ఫోన్‌లో కంపెనీ ఇచ్చిన కెర్నెల్ 3.10. దాని దీర్ఘకాల సపోర్ట్ 2017 నవంబరులోనే ముగిసింది. 2016 డిసెంబరులో సైనోజెన్‌మోడ్ మూతపడ్డాక లీనియేజ్ ఓఎస్ వచ్చింది. రెడ్‌మీ 2 కుటుంబానికి అందులో కొంతకాలం అధికారిక బిల్డ్‌లు వచ్చి తర్వాత ఆగిపోయాయి. లీనియేజ్ రూల్ సింపుల్: ఫోన్‌కి మెయింటైనర్ లేకపోతే బిల్డ్ లేదు. ఫ్యాన్స్ ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఫోన్ చేతిలో పెట్టుకుని పరీక్షించే మనిషి ఉన్నాడా అన్నది ప్రశ్న. 2022లో లీనియేజ్ 19 వచ్చినప్పుడు ఇంకా చాలా పాత ఫోన్లు ఒకేసారి జాబితా నుంచి పోయాయి. కొత్త ఆండ్రాయిడ్‌కి కెర్నెల్‌లో ఈబీపీఎఫ్ కావాలి, పాత కెర్నెళ్లలో అది లేదు. అప్పుడు చాలామంది తిట్టుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లు నిజాయితీగానే ఉన్నారనిపిస్తుంది. పరీక్షించని బిల్డ్ ఇచ్చి "నీ ఖర్మ" అనడం కంటే, లేదు అని చెప్పడం మేలు.

కానీ కథ అక్కడ అయిపోలేదు. ఇదే ఫోన్‌కి మెయిన్‌లైన్ లినక్స్‌లో, అంటే అసలు కెర్నెల్‌లోనే, డివైస్ ఫైల్ ఉంది. పోస్ట్‌మార్కెట్ ఓఎస్ దీని మీద నడుస్తుంది. ఎలా? స్నాప్‌డ్రాగన్ 410 చిప్ ఒక్క ఫోన్‌లో లేదు. చాలా ఫోన్లలో ఉంది, డ్రాగన్‌బోర్డ్ 410సీ అనే డెవలపర్ బోర్డులో కూడా ఉంది. అందుకే దాని కోడ్‌ని చూసేవాళ్లు ఉన్నారు, సరిచేసేవాళ్లు ఉన్నారు.

అంటే ఒకే ఫోన్, ఒకే చిప్, ఒకే వయసు. ఒక కోడ్ పోయింది, ఇంకోటి బతికే ఉంది. తేడా ఎక్కడ? మనుషుల దగ్గర.

పొట్టు వేరు, గింజ వేరు

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. తీసేసేటప్పుడు ఏది పొట్టో ఏది గింజో చూసుకోవాలి. మన సీమ వాళ్లకి వేరుశనక్కాయ గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు కదా.

తిరుపతిలో ఏదైనా పాత డీటీపీ సెంటర్‌కి వెళ్లి పదిహేనేళ్ల కిందటి శుభలేఖ ఫైల్ అడగండి. చాలావరకు అది యూనికోడ్‌లో ఉండదు, అను లాంటి పాత ఫాంట్లలో ఉంటుంది. ఆ మ్యాటర్‌ని కాపీ చేసి మీ ఫోన్‌లో పేస్ట్ చేస్తే తెలుగు రాదు, అర్థంకాని ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఒకప్పుడు తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు కూడా అంతే, ఒక్కోదానికి ఒక్కో సొంత ఫాంట్. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాని మొదలుపెట్టిన వెన్న నాగార్జునే, ఆ పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే "పద్మ" అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్‌నీ తయారుచేశారు. ఈనాడు, వార్త లాంటి సైట్ల తెలుగుని ఫాంట్ గొడవ లేకుండా చూపించేది.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మోజిల్లాని తప్పుపట్టలేం. ఆ పాత పద్ధతిలో ఎక్స్‌టెన్షన్లు బ్రౌజర్ లోపల ఏదైనా చేయగలిగేవి, బ్రౌజర్ స్పీడ్‌కీ సెక్యూరిటీకీ అదే అడ్డు. రెండేళ్లకు పైగా ముందే చెప్పారు కూడా.

కానీ పద్మలో విలువైనది ఎక్స్‌టెన్షన్ కాదు. ఏ ఫాంట్‌లో ఏ కోడ్ ఏ తెలుగు అక్షరమో చెప్పే పట్టికలు. ఆ పట్టికలకి వయసు లేదు. ఎందుకంటే పాత ఫైళ్లు మారవు. 2002లో టైప్ చేసిన వార్త ఇప్పటికీ అదే కోడ్‌లో ఉంటుంది. బ్రౌజర్‌లో ఇమిడే భాగం పొట్టు, అది రాలిపోవాల్సిందే. పట్టిక గింజ. అలాంటి గింజలు పోతే ఒక తరం తెలుగు రాతలు కంప్యూటర్‌లో ఉండి కూడా చదవలేం.

"గిట్ హిస్టరీలో ఉంటుందిగా" అంటారు. ఉంటుంది. కానీ అక్కడ ఉందని తెలిసినవాడికే దొరుకుతుంది. మా పాత బిల్డ్‌ని వెనక్కి తేగలిగాం అంటే, తీసేసి ఒక్క రాత్రే అయింది కాబట్టి. మూడేళ్ల తర్వాత అయితే ఏ కమిట్‌లో వెతకాలో కూడా తెలిసేది కాదు.

మరి మీరేం చేయాలి?

ఇప్పుడు నేను ఏ ఫోల్డర్ తీసేయాలన్నా ఈ ప్రశ్నలు అడుగుతాను.

1. దీనికి ఎవరు బాధ్యులు? "టీమ్ అంతా" అంటే ఎవరూ లేనట్టే. ఒక పేరు కావాలి.

2. చివరిసారి నిజమైన ఫోన్ మీద ఎప్పుడు పరీక్షించారు? ఎమ్యులేటర్‌లో తెరుచుకుంటే సరిపోదు.

3. ఎవరు వాడుతున్నారు? ప్లే కన్సోల్ లెక్క ఒక్కటే నమ్మొద్దు. వాట్సాప్‌లో, షేరింగ్‌లో చేతులు మారిన ఏపీకేలు అందులో కనిపించవు. మన జిల్లాల్లో ఇది చాలా ఎక్కువ.

4. దీన్ని ఉంచడం వల్ల మిగతావాళ్లకి నష్టం ఉందా? సెక్యూరిటీ నష్టం ఉంటే తొందరపడాలి, లేకపోతే నిదానంగా చేయొచ్చు.

5. వాళ్ల డేటా బయటికి తీసుకెళ్లే దారి ఉందా? ఇది లేకుండా మిగతా నాలుగూ దండగ.

మొదటి రెండింటికి జవాబు లేకపోతే, ముందు "దీనికి మెయింటైనర్ లేరు" అని రీడ్‌మీలో, యాప్ స్క్రీన్ మీద కూడా కనిపించేలా రాయండి. ఎవరైనా ముందుకొస్తే సంతోషం. రాకపోతే తేదీ చెప్పండి. ఆ తేదీ మీ సెమిస్టర్ సెలవులని బట్టి కాదు, వాడేవాళ్ల సీజన్ని బట్టి ఉండాలి. మామిడి యాప్‌ని జూన్‌లో ఆపకూడదు, స్కాలర్‌షిప్ యాప్‌ని అడ్మిషన్లప్పుడు ఆపకూడదు. చివరికి తీసేసేటప్పుడు ఆ కమిట్‌కి ట్యాగ్ పెట్టి, ఎందుకు తీశామో, ఏ గింజ ఎక్కడ దాచామో రెండు లైన్లు రాయండి.

ఇంకోవైపు కూడా ఒక మాట. మన వయసులో అన్నీ తీసేసి కొత్తగా రాయాలని చేతులు దురదపెడతాయి. పాత కోడ్ అసహ్యంగా ఉందని, భాష పాతదని తీసేయడం రిటైర్మెంట్ కాదు, మోజు. ఒక మనిషి చూసుకుంటూ, పరీక్షిస్తూ, సరైన అంకె చూపించే కోడ్ ఎంత పాతదైనా దానికి పని ఉంది.

పెదనాయన ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొంచెం కొత్త ఫోన్ తీసుకున్నాడు. యాప్ వాడుతున్నాడు. కాకపోతే పక్కనే నోటుబుక్కులో కూడా రాసుకుంటున్నాడు, రెండూ కలిపి చూసుకుంటున్నాడు. మానేయమని నేనూ చెప్పలేదు. మా రీడ్‌మీ మొదటి లైన్‌లో ఇప్పుడు మూడు విషయాలు ఉన్నాయి: ఏ వెర్షన్ దాకా సపోర్ట్, ఎప్పటిదాకా, ఎవరి బాధ్యత. మూడోచోట నా పేరుంది. ఈ ఆదివారం ఒక అరగంట తీసుకుని మీ రెపో తెరవండి. ఎవరి పేరూ లేని ఫోల్డర్ ఎన్ని ఉన్నాయో చూడండి.